కట్ట మీద ఏడు రోజులు

మాది బేతంచెర్ల. మా ఊరు మీరెప్పుడూ చూసి ఉండకపోవచ్చు. కానీ మా ఊరి రాయి మీద నడిచే ఉంటారు. బడి వరండాలో, రైల్వే స్టేషన్లో, పెళ్ళి మంటపంలో, అమ్మమ్మగారింటి నడవలో... కాలికి నున్నగా, చల్లగా తగిలే నాపరాయిలో చాలా భాగం మా చుట్టుపక్కల గనుల్లోంచి వెళ్ళిందే. ఊళ్ళో అడుగుపెడితే పాలిష్ మిషన్ల రొద. చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపొడి.

ఇన్ని రాళ్ళున్న ఊరికి లేనిదొక్కటే... నీళ్ళు. ఎర్రమల కొండల నడుమ ఉంటాం మేము. కిందంతా సున్నపురాయి. వాన పడితే నీటిని నిలవనివ్వదు, పగుళ్ళలోంచి మింగేస్తుంది. మా ఊరి దగ్గరి బిల్లసర్గం గుహలు అలా నీళ్ళు తొలిచినవే. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని తవ్వించి, ఏనాటివో జంతువుల ఎముకలు బయటికి తీశాడు. చరిత్ర పుస్తకాలకెక్కిన గుహలు పక్కనే ఉన్నాయి గానీ, బిందెడు నీళ్ళకు మాత్రం మా అమ్మ సగం జీవితం బావుల దగ్గర నిలబడింది.

అమ్మది కాలువ ఊరు. నంద్యాల అవతల, గోస్పాడు వైపు. కర్నూలు-కడప కాలువ, అదే మా వాళ్ళు కేసీ కాలువ అంటారు, దాని కింద మూడెకరాల మడి ఉన్న ఇల్లు. పెళ్ళయి అరవై ఐదేళ్ళు దాటినా ఒక మాట మాత్రం మరిచిపోలేదు. "కాలువలో ఆడుకునేదాన్ని తెచ్చి రాళ్ళ మీద వేసినారు" అంటుంది. నవ్వుతూనే అంటుంది. కానీ ప్రతిసారీ అంటుంది.

కొడుకు అడిగిన ప్రశ్న

మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేశాడు. వెనకాల ఎత్తయిన గడ్డి కట్ట. కట్టకు ఒక పక్కన నిండుగా నది, రెండో పక్కన ఇళ్ళు, ఆవులు. చూస్తే నదే ఎత్తులో ఉంది, ఊరే పల్లంలో ఉంది!

"పొద్దున్నుంచీ ఈ కట్ట మీదే నడుస్తున్నా నాన్నా. ఇరవై కిలోమీటర్లయింది. ఎక్కడా ఒక్క గుట్ట లేదు" అన్నాడు.

ఆ దేశంలో నాలుగో వంతు భూమి సముద్రమట్టం కన్నా కిందే ఉంది. నీళ్ళున్న చోట చుట్టూ కట్ట పోసి, లోపలి నీటిని తోడి బయటకు పంపి, ఆ నేలను సాగు చేసుకున్నారు. అలాంటి నేలను 'పోల్డర్' అంటారు. తోడడానికి పూర్వం గాలిమరలే ఆధారం. కిండర్‌డైక్ అనే చోట 1740 ప్రాంతంలో కట్టిన గాలిమరలు పంతొమ్మిది ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సెలవొస్తే జనం ఈ కట్టల మీద, పొలాల మధ్య రోజుల తరబడి నడుస్తారట. దేశం ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొస దాకా 'పీటర్‌పాడ్' అని ఒక బాట ఉంది. దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. ఇద్దరు స్నేహితురాళ్ళు తిరిగి తిరిగి దారి కుదిర్చిన ఆ బాట 1983లో మొదలైంది.

"మాకూ ఉందిరా కట్ట. కేసీ కాలువ కట్ట. అదీ డచ్చివాళ్ళు తవ్విందే అంటారు" అన్నాను, ఊరికే ఉండలేక.

"నిజమా! దాని మీద ఎంత దూరం నడవొచ్చు నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. కాలువ పొడవు 306 కిలోమీటర్లని నల్లబల్ల మీద రాశాను. ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు.

ఆ రాత్రే నా చిన్నప్పటి స్నేహితుడికి ఫోన్ చేశాను. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. "సుంకేసుల నుంచి నంద్యాల దాకా కట్ట మీద నడుద్దామా?" అన్నాను. "పక్కనే బస్సులు పోతాంటే నడిచేదేందిరా?" అన్నాడు. రెండు నిమిషాలాగి, "ఎప్పుడు?" అని అడిగాడు.

బయల్దేరే ముందు అమ్మ ఒక్కటే అడిగింది. "కాలువలో నీళ్ళు ఉండాయో లేవో చూసి రా నాయనా. మీ మామ ఫోన్లో ఏమీ చెప్పడు."

మామ ఎందుకు చెప్పడో నాకు తెలుసు. ఆ మూడెకరాలకు ఒక బేరం వచ్చింది. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉన్నారు, అమ్మేయమంటున్నారు. అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తుంగభద్ర ఒడ్డున

డిసెంబరు మొదటి వారం. పొద్దున్నే సుంకేసుల చేరాం. కర్నూలుకు ఎగువన సుమారు 27 కిలోమీటర్ల దూరంలో తుంగభద్ర మీద ఉన్న బ్యారేజీ ఇది. పాత ఆనకట్ట చోటే కట్టి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. నిల్వ 1.2 టీఎంసీలు. కుడి ఒడ్డు నుంచి మా కాలువ మొదలవుతుంది. తెల్లవారుజామున నీళ్ళ మీద పొగలా మంచు. గేట్ల కింద నుంచి నీరు బరువుగా, చప్పుడు లేకుండా జారి కాలువలోకి వస్తోంది.

ఇంతకీ ఈ కాలువను తవ్వింది ఎవరు? డచ్చివాళ్ళన్న మాట ఈ కట్ట పొడుగునా వినిపిస్తుంది. కానీ డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నంలో దిగి, 1824 నాటి ఒప్పందంతో తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకు అప్పజెప్పి మరుసటి ఏడే మన తీరం నుంచి వెళ్ళిపోయారు. ఈ కాలువ పని మొదలైంది 1863లో. తవ్వించింది లండన్లో పెట్టుబడి పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన ఆలోచనే దీనికి మూలం. పొలాలకు నీళ్ళు పారాలి, అదే కాలువలో పడవలూ నడవాలి. బళ్ళారి వైపు నుంచి నెల్లూరు తీరం దాకా జలమార్గం వేయాలన్నది అసలు పథకం. అందులో ఈ ముక్క ఒక్కటే నిజమైంది.

లాభం వస్తుందనుకున్న కంపెనీకి నష్టమే మిగిలింది. నల్లరేగడికి నీళ్ళు పెడితే భూమి చెడిపోతుందని రైతులు భయపడ్డారు. వాన పడిన ఏడు కాలువ వైపు చూసేవాళ్ళే కాదు. 1876-78 నాటి ధాత కరువు వచ్చాక గానీ ఆ నీటి విలువ తెలిసిరాలేదు. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. పడవలు మాత్రం 1933 దాకా నడిచాయి.

ఇది విని మా మిత్రుడు తీర్పు చెప్పాడు. "అంటే మీవాడికి అబద్ధం చెప్పినావన్నమాట."

హంద్రీ మీదుగా

కట్ట మీద నడక మొదట్లో హాయిగా ఉంటుంది. ఎడమ పక్క నది ఆనవాళ్ళు, కుడి పక్క కోతకొచ్చిన వరి, మధ్యలో మనం. కొంగలు మనకన్నా ముందు లేచి, వంద అడుగుల దూరంలో వాలి, మనం దగ్గరికి రాగానే మళ్ళీ లేస్తాయి. అలా ఒకే కొంగ మమ్మల్ని గంటసేపు నడిపించింది. అయితే బాట ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఉన్నట్టుండి కంపచెట్లు దారి మూసేస్తాయి. పొలాల్లోకి దిగి, చుట్టూ తిరిగి, మళ్ళీ కట్టెక్కాలి. రేగడి ఇంకా తడిగా ఉన్న చోట చెప్పుకు కిలో మట్టి పట్టుకుంటుంది.

కనబడ్డ ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "యాడికి పోతాండారు సార్?"

"నంద్యాలకు."

"నడిచా! ఏం మొక్కుబడి?"

మొదట్లో ఉన్న మాట చెప్పాం. ఎవరూ నమ్మలేదు. మూడో రోజుకల్లా మా మిత్రుడు "అవునప్పా, మొక్కుబడే" అనడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి మజ్జిగ ఇచ్చేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు.

మొదటి రోజు కర్నూలు చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. ఊళ్ళో ఈ కాలువకు వేరే జీవితం ఉంది. వినాయక ఘాట్ దగ్గర ఏటా వందల విగ్రహాలు ఇందులోనే నిమజ్జనమవుతాయి. మరునాడు పొద్దున హంద్రీ నది దగ్గర ఆగాం. కింద నది, పైన వంతెనలాంటి కట్టడంలో మా కాలువ! ఒక నీటి మీదుగా ఇంకో నీరు నడిచి వెళ్తుంటే చూడడానికి చిత్రంగా ఉంటుంది. ఇలాంటి వంతెనను అక్విడక్టు అంటారు. నూట యాభై ఏళ్ళ కిందటి మనుషులు యంత్రాల సాయం పెద్దగా లేకుండా నదిని దాటించిన తీరు అది.

కర్నూలువాళ్ళకు కట్టంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగి ఊరిని ముంచేశాయి. ఆ వరదకే సుంకేసుల కట్ట తెగింది. నెదర్లాండ్స్‌లో 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున తుపానుకు కట్టలు తెగి 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాత వాళ్ళు నాలుగు దశాబ్దాలు కష్టపడి సముద్రానికి అడ్డంగా 'డెల్టా వర్క్స్' కట్టుకున్నారు. వాళ్ళ కట్ట నీళ్ళు లోపలికి రాకుండా కాపలా. మా కట్ట నీళ్ళు బయటికి పోకుండా కాపలా. వాళ్ళకు నీళ్ళొస్తాయని భయం, మాకు రావని భయం. ఆ రెండు భయాలనూ ఒకే జన్మలో చూసిన ఊరు కర్నూలు.

పెన్న వైపు తిరిగిన నీళ్ళు

కర్నూలు దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. నందికొట్కూరు ప్రాంతమంతా చదును. మొక్కజొన్న, మిరప, వరి, మధ్యమధ్య బీళ్ళు. రాత్రుళ్ళు ఒక చోట లాడ్జిలో, ఒక చోట తెలిసిన మాస్టారింట్లో, రెండు చోట్ల గుడి మంటపంలో పడుకున్నాం. నా ఎడమ మడమ పొక్కింది. మా మిత్రుడి మోకాలు ప్రతి సాయంత్రం రాజీనామా ఇస్తోంది, పొద్దున్నే వెనక్కి తీసుకుంటోంది.

నాలుగో రోజు మిట్టకందాల చేరాం. చూడడానికి ఏమీ లేదు. చిన్న మిట్ట, దాన్ని చీల్చుకుంటూ లోతుగా కాలువ. కానీ ఈ కాలువ మొత్తంలో అసలైన చోటు ఇదేనని నాకనిపించింది. మిట్టకు ఇటు పడిన వాన కృష్ణకు పోతుంది. అటు పడితే కుందూలో కలిసి పెన్నకు చేరుతుంది. తుంగభద్ర నీళ్ళు సహజంగా పోవాల్సింది కృష్ణకు. ఆ నీటిని ఈ మిట్ట దాటించి, పెన్న వైపు తిప్పిన చోటు ఇది. ఇక్కడ తవ్విన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళు తవ్వకపోతే మా అమ్మ చిన్నప్పుడు ఆడుకోవడానికి కాలువ ఉండేది కాదు.

మిట్టకందాల దాటాక నేల పూర్తిగా మారిపోయింది. పడమర ఎర్రమల, తూర్పున నల్లమల, మధ్యలో పళ్ళెంలా కుందూ లోయ. ఎటు చూసినా నల్లరేగడి. కట్ట మీద నిలబడితే మనమే ఎత్తయిన మనిషి. మా అబ్బాయి పంపిన ఫొటోల్లో గాలిమరలు తీసేసి, వేపచెట్లు పెడితే ఇదే చిత్రం!

ఐదో రోజు కాస్త పక్కకు వెళ్ళి బానకచర్ల చూశాం. శ్రీశైలం జలాశయం నీళ్ళు పోతిరెడ్డిపాడు నుంచి వచ్చి ఇక్కడ మూడు దారులుగా చీలతాయి. ఒకటి తెలుగుగంగకు, ఒకటి శ్రీశైలం కుడికాలువ, గాలేరు-నగరి వైపు. మూడోది నిప్పులవాగు గుండా దిగువ కేసీ ఆయకట్టుకు. 2017 నుంచి ముచ్చుమర్రి ఎత్తిపోతల నీళ్ళు కూడా కాలువకు తోడయ్యాయి. అమ్మ చిన్నప్పటి కాలువలో పారింది తుంగభద్ర ఒక్కటే. ఇప్పుడు కృష్ణ కూడా కలిసి పారుతోంది.

లెక్కలు చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది 39.9 టీఎంసీలు. అందులో పది టీఎంసీలు హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి రావాలి. ఆ డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105కు తగ్గింది. 2024 ఆగస్టులో దాని పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, వందల కిలోమీటర్ల దిగువన మా మామ రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాడట. కాలువ చివరి రైతు కాలువ మొదటి గేటు గురించి అంతగా బెంగపడతాడని నాకప్పుడు అర్థం కాలేదు.

ఎలుక బొక్క

ఆరో రోజు సంతజూటూరు ఆనకట్టకు కాస్త ముందు, ఒక షట్టరు దగ్గర వేపచెట్టు కింద పెద్దాయన కనిపించాడు. మేకలు కాస్తున్నాడు. మమ్మల్ని చూసి, "మొక్కుబడా?" అనలేదు. "కట్ట యాడనుంచి నడుస్తాండారు?" అని అడిగాడు. అలా అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆయన పూర్వం లస్కరు. అంటే కాలువ మీద కాపలా ఉద్యోగి. తనకప్పగించిన ముక్కను రోజూ నడిచి చూడాలి. షట్టర్లు ఎత్తాలి, దించాలి. గండి పడే జాడ కనబడితే పైకి కబురు చెయ్యాలి.

"వరద వచ్చి కట్ట తెగుతాదనుకుంటారు అందరూ. కాదు సార్. ఎలకబొక్క తెంచుతాది. ఎండ్రకాయ బొక్క తెంచుతాది. పొద్దున చూస్తే ఏలు పట్టేంత. సాయంత్రానికి చెయ్యి పడతాది. తెల్లారేసరికి ట్రాక్టరు పడతాది. నడిచేటోడు ఉంటే ఏలు పట్టేకాడే మట్టి కొట్టేస్తాడు."

"ఇప్పుడు నడుస్తున్నారా?"

"మనుషులు తక్కువైనారు. బండ్లమీద వస్తారు. బండిమీద పోయేటోనికి బొక్క కనపడ్తాదా?"

ఆ రాత్రి ఇదంతా అబ్బాయికి చెప్పాను. వాడు గట్టిగా నవ్వాడు. "ఇక్కడా అంతే నాన్నా!" అన్నాడు. అక్కడ కట్టల్ని తొలిచే మస్క్‌రాట్ అనే నీటి ఎలుకలను పట్టడానికే ప్రత్యేకంగా ఉద్యోగులుంటారట. పదమూడో శతాబ్దం నుంచి నడుస్తున్న నీటి మండళ్ళు ఆ పని చూస్తాయి. ఇప్పుడవి ఇరవై ఒకటి ఉన్నాయి. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. నదికి వరదొస్తే మామూలు జనం లోంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు కట్ట మీద గస్తీ తిరుగుతారు. వాళ్ళను 'కట్ట సైన్యం' అంటారు. వానల్లోనే కాదు, ఎండల్లోనూ నడుస్తారు. 2003 ఆగస్టులో విల్నిస్ అనే ఊళ్ళో వాన లేక ఎండిపోయిన మట్టికట్ట పక్కకు జరిగి, ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి. అప్పట్నుంచి కరువులో కూడా పగుళ్ళు వెతుక్కుంటూ నడుస్తారు.

మనకూ 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. కాగితం మీద మన దగ్గరా ఉన్నది అదే ఏర్పాటు. తేడా అంతా కట్ట మీద ఎందరు నడుస్తున్నారన్న దాంట్లోనే ఉంది.

ఆ రాత్రి నుంచి నేను చిన్న నోటుబుక్కు తీశాను. విరిగిన షట్టరు, తూము పక్కన కారుతున్న చోటు, కంప మూసేసిన మలుపు, కట్టకు వేసిన మోటారు పైపు... కనబడినవన్నీ ఆనవాళ్ళతో రాసుకుంటూ నడిచాను. ఎవరి మీదా ఫిర్యాదుకు కాదు. నడిచిన మనిషి చూసినది చెప్పకపోతే నడిచి లాభమేమిటి?

నీళ్ళు ఆగిన చోటు

ఏడో రోజు నంద్యాల దాటి, పెద్ద కాలువ వదిలి, అమ్మ ఊరికి వెళ్ళే చిన్న కాలువ పట్టుకున్నాం. కారులో వెళ్ళి ఉంటే నాకు తెలిసేది కాదు. తూము దగ్గర మోకాటిలోతు నీళ్ళు. కిలోమీటరు నడిచాక పిక్కల్లోతు. ఇంకో కిలోమీటరుకు మడమలు తడిసేంత. పిల్ల కాలువలోకి తిరిగాం. అక్కడ నేల చెమ్మగా మాత్రం ఉంది. మరో మూడు వందల అడుగులు వేశాక నేల పగుళ్ళిచ్చింది. ఒక పగులులో నా చేతికర్ర జానెడు దిగింది.

అక్కడి నుంచి కనబడుతోంది మామ పొలం. వరి లేదు. మూడెకరాలూ శనగ.

"రాప్పా అల్లుడూ! నిజంగానే నడిచి వస్తివే!" అని మామ ఎదురొచ్చాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి. మా కాళ్ళు చూసి ముందు నీళ్ళు తెప్పించాడు, తర్వాతే మాట.

"వరి వెయ్యలేదేం మామా?"

"నీళ్ళను నమ్ముకుంటే వరి. మంచును నమ్ముకుంటే శనగ. మంచు ఎవురూ అడ్డం కట్టలేరు గదా" అన్నాడు. కాసేపాగి, "పైన ఉండాయా నీళ్ళు?" అని అడిగాడు.

అమ్మ అడిగిన ప్రశ్నే. కానీ మామ గొంతులో అది వేరే ప్రశ్న. అసలే లేకపోతే అమ్ముకోవచ్చు, మనసుకు కారణం దొరుకుతుంది. ఉండి రాకపోతే?

"ఉన్నాయి మామా. తూము దాకా మోకాటిలోతు ఉన్నాయి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే దారిలోనే పోతున్నాయి" అన్నాను.

నోటుబుక్కులో ఆ చివరి రోజు కాగితాలు రెండు చించి ఇచ్చాను. ఎక్కడ షట్టరు విరిగింది, ఎక్కడ గట్టు కరిగింది, ఎక్కడ పూడింది... వరసగా పదకొండు చోట్లు. మామ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కొన్ని ఆయనకు తెలుసు. రెండు మూడు తెలియవు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"బేరం వాళ్ళకు ఏం చెప్తావు మామా?"

"సంక్రాంతి పోనీ అని చెప్పినా. ముందు ఈ కాగితం పట్టుకుని సంఘం ప్రెసిడెంటు కాడికి పోయొస్తా" అన్నాడు. అమ్మనని అనలేదు. అమ్ముతాననీ అనలేదు.

మీరూ నడవాలనుకుంటే...

కాలువ మొత్తం నడవక్కర్లేదు. కర్నూలు నుంచి సుంకేసులకు పొద్దున్నే వెళ్ళి, తిరిగి కర్నూలు దాకా ఒక రోజు నడిచినా చాలు. ఓపిక తక్కువైతే సగంలో రోడ్డెక్కవచ్చు. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. వానల్లో రేగడి నడవనివ్వదు, ఎండల్లో నీడ దొరకదు. నీళ్ళ సీసా, టోపీ, చేతికర్ర తప్పనిసరి. కాలువ గోడలు జారుడుగా ఉంటాయి, పిల్లలను దిగనివ్వకండి. పొలం దాటేటప్పుడు అక్కడున్నవాళ్ళను ఒక మాట అడగండి. కాదనే రైతు మాకు ఒక్కరూ ఎదురవలేదు.

అమ్మ చెప్పిన మాట

నంద్యాలలో రైలెక్కాం. పాణ్యం దాటగానే చదును నేల అయిపోయింది. రైలు ఎర్రమలల్లోకి ఎక్కుతోంది. కిటికీలోంచి మళ్ళీ మా రాళ్ళు. ఏడు రోజులు నడిచి వెళ్ళిన మనిషిని రైలు అంత త్వరగా ఇంటికి చేర్చేస్తే చిన్నతనంగా అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళకు వేడినీళ్ళు పెట్టమని కోడలికి చెప్పి, అడిగింది. "ఉండాయా నీళ్ళు?"

దారిలో చాలా అబద్ధాలు అనుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "కాలువలో ఉన్నాయమ్మా. మామ మడి దాకా రాలేదు" అన్నాను.

బాధపడుతుందనుకున్నాను. అమ్మ నా వైపు వింతగా చూసింది.

"ఎప్పుడు వచ్చినాయి గనక వాటంతట అవి? మాది చివరి మడి. మా నాయన నీళ్ళ వంతు వచ్చిన రాత్రి ఇంట్లో పండుకుంది నేను చూడలేదు. లాంతరు, పార పట్టుకుని తూము కాడినుంచి మడి దాకా తిరుగుతానే ఉండేవాడు. నేను సద్ది ఎత్తుకుని వెనకాల పోయేదాన్ని. కాలువ మీద ఆడుకునేదాన్నని చెప్తానే... అది ఆట గాదు నాయనా. కట్ట మీద నాయన యాడున్నాడో వెతుక్కునేది."

అరవై ఐదేళ్ళుగా వింటున్న మాటలో నాకు తెలియని సగం అది.

రాత్రి అబ్బాయి ఫోన్ చేశాడు. "ఎంత దూరం నడవొచ్చు నాన్నా మరి, ఆ కట్ట మీద?"

"నేను నడిచింది నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ" అన్నాను. "మీ అవ్వ నాకన్నా ముందే నడిచిందిరా. ఎంత దూరమో ఆమెనే అడుగు" అని ఫోన్ అమ్మకిచ్చాను.